లాభాపేక్షలేని సామాజిక స్కీక్షేత్రం: యాంకరేజ్ ఆర్కిటిక్ వ్యాలీ – నిర్వహణరీతి పరిశీలన

వ్యాససంగ్రహం:

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఉత్తరాగ్రాన ఉన్న అలాస్కాలో అతిపెద్ద నగరం యాంకరేజ్. ఆ నగరాన్ని ఆనుకొని ఉన్న చుగాచ్ పర్వతాలలోని ఆర్కిటిక్ వ్యాలీ స్కీక్షేత్రాన్ని 1937లో ఏర్పడిన యాంకరేజ్ స్కీ క్లబ్ అనే లాభాపేక్షలేని సంస్థ నిర్వహిస్తోంది. కృత్రిమ మంచు, విలాస వసతి, విస్తృత ప్రచారం వంటి ఆధునిక స్కీవ్యాపార సాధనాలేవీ లేకుండా ఇటువంటి క్షేత్రం ఎలా నిలబడుతుందన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. ప్రదేశ స్వభావాన్ని, చారిత్రక నేపథ్యాన్ని, సంస్థాగత స్వరూపాన్ని, వ్యయ నిర్మాణాన్ని వివరించి, ఇతర సామాజిక స్కీక్షేత్రాలతో పోల్చి, ఇటువంటి సంస్థకు అసలైన మూలధనం సభ్యులు వెచ్చించే కాలమేనని నిరూపించడం వ్యాసోద్దేశ్యం.

కీలకపదాలు: స్కీక్షేత్రం, లాభాపేక్షలేని సంస్థ, స్వచ్ఛంద శ్రమ, అలాస్కా, ఉమ్మడి వనరులు, శీతోష్ణస్థితి.

1. ఉపోద్ఘాతం:

పాదాలకు పొడవైన సన్నని పలకలు తొడుక్కొని మంచుమీద జారుతూ సాగే విద్యను స్కీయింగ్ అంటారు. శీతల దేశాలలో ఇది మొదట ప్రయాణసాధనం, వేటకు ఆసరా, తరువాత క్రీడ, ఇరవయ్యో శతాబ్దంలో పెద్ద వ్యాపారం. సమతలం మీద సాగేది నార్డిక్ పద్ధతి. ఏటవాలు మీదినుంచి దిగువకు జారేది ఆల్పైన్ పద్ధతి. రెండవదానికి ఒక చిక్కు ఉంది. దిగడం నిమిషాలలో ముగుస్తుంది. మళ్ళీ పైకెక్కడానికి గంట పడుతుంది. ఈ చిక్కును యంత్రం తీర్చింది. ఎర్న్‌స్ట్ కాన్‌స్టామ్ రూపొందించిన లాగుడు లిఫ్టు 1934లో స్విట్జర్లాండులోని దావోస్‌లో పనిచేయడం మొదలుపెట్టింది. 1936లో అమెరికాలోని సన్ వ్యాలీలో తొలి కుర్చీ లిఫ్టు వచ్చింది. అప్పటినుంచి ఆల్పైన్ స్కీయింగ్‌కు కొండ, మంచు మాత్రమే సరిపోవు. యంత్రం, దాన్ని నడిపే మనుషులు, వారిని నిలిపే సంస్థ కూడా అవసరమయ్యాయి.

ఆ సంస్థ ఎవరిదన్న ప్రశ్నకు మూడు సమాధానాలున్నాయి. వ్యాపార సంస్థది కావచ్చు, ప్రభుత్వానిది కావచ్చు, స్కీ చేసేవారి సంఘానిదే కావచ్చు. 1980ల తొలి సంవత్సరాలలో అమెరికాలో 700కు పైగా ఉన్న స్కీక్షేత్రాలు నేడు 500 లోపుకు తగ్గాయి. మూతపడినవాటిలో అధికభాగం చిన్నవి. మిగిలిన పెద్దవాటిలో అనేకం కొద్దిపాటి కంపెనీల చేతిలోకి చేరాయి. ఈ నేపథ్యంలో మూడవ కోవకు చెందిన చిన్న క్షేత్రం దశాబ్దాలుగా కొనసాగడం పరిశీలించదగిన విషయం. స్కీయింగ్ తెలియని తెలుగు పాఠకుడికి కూడా ఇందులోని సమస్య పరిచితమైనదే. పదిమందికీ ఉపయోగపడే వసతిని పదిమందీ కలిసి ఎంతకాలం కాపాడుకోగలరన్నదే ఆ సమస్య.

2. ప్రదేశ స్వభావం: నగరం, లోయ, వెలుతురు

యాంకరేజ్ సుమారు 61 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. 1915లో అలాస్కా రైలుమార్గ నిర్మాణం కోసం షిప్ క్రీక్ అనే ఏటిముఖం వద్ద వెలసిన గుడారాల ఊరు ఈ నగరానికి తొలిరూపం. అంతకు ఎంతో ముందునుంచీ ఈ నేల దెనాయినా ప్రజల నివాసభూమి. 2020 జనాభా లెక్కల ప్రకారం నగర జనాభా 2,91,247. ఆర్కిటిక్ వ్యాలీ స్కీక్షేత్రం ఇదే షిప్ క్రీక్ లోయకు ఎగువన, నగర కేంద్రంనుంచి అర్ధగంట ప్రయాణంలో ఉంది. గ్లెన్ జాతీయ రహదారినుంచి చీలిన కొండదారి మెలికలు తిరుగుతూ అక్కడికి చేరుస్తుంది.

ఈ ప్రదేశానికి ఉన్న మూడు లక్షణాలు నిర్వహణను శాసిస్తాయి. మొదటిది వెలుతురు. డిసెంబరు నెలలో అతితక్కువ పగలున్న రోజున యాంకరేజ్‌లో సూర్యుడు కనిపించేది ఐదున్నర గంటలలోపే. దీపాలు లేని కొండమీద ఆ ఋతువులో పనివేళ సహజంగానే కుదించుకుపోతుంది. ఫిబ్రవరి, మార్చి నెలలలో పగలు వేగంగా పెరుగుతుంది. అందువల్ల దక్షిణాది స్కీక్షేత్రాలకు క్రిస్మస్ కాలం ఎంత ముఖ్యమో ఉత్తరాది క్షేత్రాలకు వసంతారంభం అంత ముఖ్యం.

రెండవది చెట్లరేఖ. చుగాచ్ పర్వతాలలో కాస్త ఎత్తుకు వెళ్ళగానే అడవి ఆగిపోతుంది. స్కీవాలులో అధికభాగం చెట్లులేని బయలు. విశాలమైన ఈ బయలు స్కీ చేసేవారికి స్వేచ్ఛనిస్తుంది. అదే సమయంలో గాలికి అడ్డు లేకుండా చేస్తుంది. గాలి ఒకచోట మంచును ఊడ్చి రాళ్ళను బయటపెడుతుంది, మరొకచోట మేట వేస్తుంది. ఎంత మంచు కురిసిందన్నదానితో పాటు ఎక్కడ నిలిచిందన్నది కూడా ఇక్కడ ప్రధానం.

మూడవది భూస్వామ్యం. ఈ కొండ క్లబ్బు సొంత ఆస్తి కాదు. ఒకవైపు సైనిక స్థావరం, మరొకవైపు 1970లో ఏర్పడిన చుగాచ్ రాష్ట్ర ఉద్యానవనం ఉన్నాయి. స్కీ వ్యాపారంలో పెద్ద ఆదాయమార్గమైన ఇళ్ళస్థలాల అమ్మకం, హోటళ్ళ నిర్మాణం ఇటువంటి భూమిలో సాధ్యపడవు. లాభాన్ని ఆశించే పెట్టుబడిదారుడికి ఇది లోపం. సామాజిక సంస్థకు మాత్రం ఇదొక రక్షణ. అమ్ముకోవడానికి భూమి లేనిచోట అమ్మేయాలన్న ఒత్తిడి కూడా ఉండదు.

3. చారిత్రక నేపథ్యం: క్లబ్బు, సైన్యం

యాంకరేజ్ స్కీ క్లబ్ 1937లో ఏర్పడింది. 1940 జనాభా లెక్కలలో యాంకరేజ్ జనాభా 3,495 మాత్రమే. అలాస్కాకు రాష్ట్రప్రతిపత్తి 1959లో గాని రాలేదు. అంటే ఒక రాష్ట్రం కంటే, నేడు కనిపించే నగరం కంటే ఈ క్లబ్బు పాతది. ఊరు చిన్నదై, చలికాలం దీర్ఘమై, బయటి ప్రపంచంతో రాకపోకలు కష్టమైన కాలంలో వినోదాన్ని స్థానికులే సమకూర్చుకోవలసి వచ్చింది. సంఘంగా ఏర్పడటం ఆనాడు సిద్ధాంతం కాదు, అవసరం.

రెండవ ప్రపంచయుద్ధకాలంలో సైన్యం రాకతో యాంకరేజ్ రూపురేఖలు మారాయి. 1950 నాటికి జనాభా 11,254కు పెరిగింది. ఫోర్ట్ రిచర్డ్‌సన్ స్థావరపు సైనికుల శీతాకాల శిక్షణకు, వినోదానికి షిప్ క్రీక్ ఎగువలోయ అనువుగా కనిపించింది. సైనిక క్రీడాస్థలం, పౌరుల క్లబ్బు ఒకే లోయలో పక్కపక్కన సాగాయి. 2010లో ఫోర్ట్ రిచర్డ్‌సన్, ఎల్మెండార్ఫ్ వైమానిక స్థావరం ఒకే సంయుక్త స్థావరంగా విలీనమయ్యాయి.

స్కీవాలుకు ఎగువన మౌంట్ గోర్డన్ లయన్ శిఖరంమీద ప్రచ్ఛన్నయుద్ధపు గుర్తు ఒకటి ఇంకా నిలిచి ఉంది. నైకీ సైట్ సమ్మిట్ అనే ఆ క్షిపణి స్థావరం 1959నుంచి 1979వరకు పనిచేసింది. సోవియట్ బాంబర్ల దాడినుంచి యాంకరేజ్‌ను కాపాడటానికి నైకీ హెర్క్యులిస్ క్షిపణులను అక్కడ మోహరించారు. 1996లో దానిని జాతీయ చారిత్రక స్థలాల పట్టికలో చేర్చారు. శిఖరంమీద క్షిపణులు సిద్ధంగా ఉన్న కాలంలోనే దిగువవాలులో పౌరులు స్కీయింగ్ చేసేవారు. ఈ సహజీవనం ఒక విశేషాన్ని తెలుపుతుంది. సైన్యం తన అవసరానికి కొండను పట్టుకొని ఉండటం వల్ల అక్కడ నివాసాలు పెరగలేదు. రక్షణ ప్రయోజనం పరోక్షంగా క్రీడాస్థలాన్ని కాపాడింది.

4. లాభాపేక్షలేని సంస్థ: నిర్వచనం, అపోహలు

లాభాపేక్షలేని సంస్థ అంటే లాభం రాని సంస్థ అనే అపోహ సర్వత్రా ఉంది. న్యాయశాస్త్రవేత్త హెన్రీ హాన్స్‌మన్ 1980లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసంలో దీనికి స్పష్టమైన నిర్వచనం ఇచ్చాడు. అటువంటి సంస్థకు మిగులు రావచ్చు. ఆ మిగులును యజమానులకో, నిర్వాహకులకో పంచడానికి మాత్రం వీల్లేదు. ఇదే పంపిణీ నిషేధం. మిగిలిన ప్రతి డాలరూ సంస్థ ఆశయానికే తిరిగి వెళ్ళాలి. టికెట్ కొన్నవాడికీ, విరాళమిచ్చినవాడికీ తమ సొమ్ము ఎవరి జేబులోకీ పోదన్న భరోసా ఈ నిషేధం వల్ల కలుగుతుంది.

పన్ను మినహాయింపే ఈ ప్రతిపత్తివల్ల కలిగే ప్రధాన ప్రయోజనమని సాధారణంగా భావిస్తారు. స్కీక్షేత్రం విషయంలో అంతకంటే ముఖ్యమైన ప్రయోజనం మరొకటి ఉంది. అమెరికాలో 1938నాటి న్యాయబద్ధ శ్రమ ప్రమాణాల చట్టం ప్రకారం లాభార్జన కోసం నడిచే ప్రైవేటు సంస్థ జీతం లేని స్వచ్ఛంద సేవకులతో పని చేయించుకోకూడదు. సేవాసంస్థలు చేయించుకోవచ్చు. అంటే ఒక పౌరుడు శనివారం ఉదయం లిఫ్టు దగ్గర ఉచితంగా నిలబడాలని ఎంత ఇష్టపడినా, ఆ కొండ కంపెనీదైతే చట్టం ఒప్పుకోదు, సేవాసంస్థదైతే ఒప్పుకుంటుంది. లాభాపేక్ష వదులుకోవడం వల్ల సంస్థకు దక్కే అసలు ఆస్తి ఇదే.

ఇక్కడ ఒక సున్నితాంశం గమనించాలి. పనిచేసిన గంటలకు ప్రతిగా లిఫ్టు టికెట్టో, సీజన్ పాసో ఇచ్చే పద్ధతి సామాజిక స్కీక్షేత్రాలలో పరిపాటి. వస్తురూపంలో ఇచ్చే ప్రతిఫలం ఎప్పుడు వేతనమవుతుందన్న ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. 1985లో అలామో ఫౌండేషన్ కేసులో, వాణిజ్య కార్యకలాపాలు సాగించిన ఒక మతసంస్థ తన సహచరులకు ఇచ్చిన తిండి, బట్ట, వసతి వేతనంతో సమానమేనని ఆ కోర్టు తీర్పు చెప్పింది. అందువల్ల స్వచ్ఛంద సేవకు ఇచ్చే కానుక నామమాత్రంగా ఉండాలి. కృతజ్ఞతకూ కూలికీ మధ్య గీత సన్ననిది.

తెలుగులో శ్రమదానం అనే మాట ఈ సందర్భంలో స్ఫురిస్తుంది. అయితే దానమంటే ప్రతిఫలాపేక్ష లేనిది. స్కీక్లబ్బు సభ్యుడు ఇచ్చే శ్రమ తిరిగి అతడికే ఉపయోగపడుతుంది. పల్లెలలో ఒకరి పొలంలోకి మరొకరు బదులుకు వెళ్ళే పద్ధతి దీనికి మరింత దగ్గరి పోలిక. ఈ వారం ఒకరు లిఫ్టు నడిపితే మరొకరు స్కీ చేస్తారు. వచ్చేవారం వారి స్థానాలు మారతాయి.

5. కొండవాలు పనిచేసే విధానం

ఆర్కిటిక్ వ్యాలీలో ఇద్దరేసి కూర్చునే కుర్చీ లిఫ్టులు, ఒక టి-బార్ ఉన్నాయి. టి-బార్ అంటే తలకిందులుగా వేలాడే ‘టి’ అక్షరపు ఆకారంలోని కడ్డీ. ఇద్దరు మనుషులు దానికి ఆనుకొని నిలబడితే పైనున్న ఉక్కుతాడు వారిని వాలువెంబడి పైకి లాగుతుంది. పాదాలు మంచుమీదే ఉంటాయి. కుర్చీ లిఫ్టులో మనిషి గాలిలో ప్రయాణిస్తాడు. గాలి తీవ్రమైతే ఆపవలసి వస్తుంది. టి-బార్‌లో మనిషి నేలమీదే ఉంటాడు కనుక గాలి ప్రభావం తక్కువ. చెట్లులేని ఉత్తరాది కొండకు పాతకాలపు యంత్రమే తగినదిగా నిలవడానికి ఇదొక కారణం. మరొక కారణం వ్యయం. కొత్త లిఫ్టు ఖరీదు లక్షల డాలర్లలో ఉంటుంది. పాతదాన్ని బాగుచేసుకునే నైపుణ్యం సభ్యులలో ఉంటే అది ఏళ్ళతరబడి నడుస్తుంది.

లిఫ్టు తరువాతి పని మంచు చదును. ట్రాకుల మీద నడిచే బరువైన వాహనం తాజా మంచును అణచి, గట్టిపడినదాన్ని గీరి, నేర్చుకునేవారికి అనువైన దారి చేస్తుంది. ఈ పని సాధారణంగా స్కీయర్లు వెళ్ళిపోయిన తరువాత చీకటిలో జరుగుతుంది. మంచు మేట వేసిన కొండదారిని తెరవడం, వాహనాల స్థలాన్ని తుడవడం ఇందుకు అదనం.

మూడవది భద్రత. స్కీ గస్తీ దళాల జాతీయసంస్థను మినో డోల్ 1938లో స్థాపించాడు. 1980లో అమెరికా కాంగ్రెస్ దానికి అధికారపత్రం ఇచ్చింది. దాని సభ్యులలో అధికసంఖ్యాకులు స్వచ్ఛంద సేవకులే. గస్తీ సభ్యుడు కావడానికి అత్యవసర వైద్య సహాయంలో శిక్షణ పొందాలి. ఏటేటా నైపుణ్యాన్ని పునరుద్ధరించుకోవాలి. విరిగిన కాలితో పడిపోయిన మనిషిని స్లెడ్జి బండిమీద కట్టి, ఏటవాలున దించడం సామాన్యమైన పని కాదు. స్వచ్ఛంద సేవ అంటే శిక్షణ అక్కరలేని సేవ అనే భావనను స్కీ గస్తీ పూర్తిగా ఖండిస్తుంది.

చట్టం కూడా బాధ్యతలను విభజించింది. అలాస్కా 1994లో చేసిన స్కీ భద్రత చట్టం నిర్వాహకుల విధులను, స్కీయర్ల విధులను వేరువేరుగా నిర్దేశించింది. హెచ్చరిక గుర్తులు పెట్టడం నిర్వాహకుడి బాధ్యత. వాలులో సహజంగా ఉండే ప్రమాదాలను గుర్తెరిగి నడుచుకోవడం స్కీయర్ బాధ్యత. 1997నాటి సమాఖ్య చట్టం స్వచ్ఛంద సేవకులకు వ్యక్తిగత వ్యాజ్యాలనుంచి కొంత రక్షణ కల్పించింది. తీవ్ర నిర్లక్ష్యానికి మాత్రం ఆ రక్షణ వర్తించదు. ఈ చట్టాలు లేకుంటే బీమా భారమే చిన్న సంస్థలను ముంచివేసేది.

6. వ్యయస్వరూపం: డబ్బు స్థానంలో కాలం

స్కీక్షేత్రపు ఖర్చులలో ఎక్కువభాగం స్థిరవ్యయాలు. పదిమంది వచ్చినా, వెయ్యిమంది వచ్చినా లిఫ్టు తిరగాల్సిందే, బీమా కట్టాల్సిందే, దారి తెరవాల్సిందే. ఆదాయం మాత్రం వాతావరణం మీద, సెలవుల మీద ఆధారపడుతుంది. స్థిరవ్యయం, అస్థిర ఆదాయం కలిసినచోట చిన్న వ్యాపారం నిలవడం కష్టం. సామాజిక క్షేత్రం ఈ చిక్కును రెండు విధాలుగా ఎదుర్కొంటుంది. ప్రధానంగా వారాంతాలలో, సెలవు దినాలలో మాత్రమే తెరిచి వ్యయాన్ని తగ్గిస్తుంది. జీతాలలో కొంతభాగాన్ని సభ్యుల గంటలుగా మారుస్తుంది.

ఈ మార్పిడి పరిమాణాన్ని ఒక ఊహాజనిత లెక్కతో గ్రహించవచ్చు. మూడు లిఫ్టులున్న క్షేత్రంలో ఒక్కొక్కదానికి కింద ఒకరు, పైన ఒకరు చొప్పున ఆరుగురు కావాలి. టికెట్ల దగ్గర ఇద్దరు, వంటగదిలో ఇద్దరు, గస్తీలో నలుగురు అనుకుంటే మొత్తం 14 మంది. రోజుకు 8 గంటల చొప్పున 112 గంటలు. సీజనులో 40 రోజులు తెరిస్తే 4,480 గంటలు. గంటకు 15 డాలర్లుగా లెక్కిస్తే 67,200 డాలర్లు. ఇది లెక్క తీరు తెలపడానికే గాని ఏ ఒక్క క్షేత్రపు జమాఖర్చూ కాదు. ఇందులో తేలే అంశం ఒకటే. ఆ గంటలు దొరికితే టికెట్ ధర తగ్గుతుంది. దొరకకపోతే అదే మొత్తం డబ్బురూపంలో వెతుక్కోవాలి. కాబట్టి సామాజిక క్షేత్రంలో స్కీయింగ్ చవక అనడం పూర్తి సత్యం కాదు. అక్కడ ధరలో కొంతభాగాన్ని ఎవరో ఒకరు కాలంగా చెల్లిస్తున్నారు.

జేమ్స్ బుకానన్ 1965లో ప్రతిపాదించిన క్లబ్బుల ఆర్థికసిద్ధాంతం ఈ పరిస్థితిని అర్థం చేసుకోవడానికి తోడ్పడుతుంది. సభ్యులు పెరిగేకొద్దీ తలసరి వ్యయం తగ్గుతుంది, రద్దీ పెరుగుతుంది. రెండూ సమతూకమైన చోట క్లబ్బు తగిన పరిమాణం పొందుతుందని దాని సారాంశం. అయితే స్వచ్ఛంద శ్రమతో నడిచే స్కీక్షేత్రానికి మూడవ అంశం చేరుతుంది. వాడుకునేవారు పెరిగినంత వేగంగా పనిచేసేవారు పెరగరు. పదేళ్ళుగా లిఫ్టు మోటారు బాగుచేస్తున్న ఒక సభ్యుడు ఊరు విడిచి వెళితే ఆ లోటును వందమంది కొత్త టికెట్ కొనుగోలుదారులు పూరించలేరు.

7. ఒకే నగరం – మూడు నమూనాలు

యాంకరేజ్ పరిసరాలలోనే మూడు విభిన్న నమూనాలు కనిపించడం పరిశోధకులకు కలిసివచ్చిన అంశం. నగరంలోని హిల్‌సైడ్ ప్రాంతంలో ఉన్న హిల్‌టాప్ స్కీక్షేత్రం కూడా లాభాపేక్షలేని సంస్థ ఆధ్వర్యంలోనిదే. దాని వాలు నిలువెత్తు 294 అడుగులు, అంటే సుమారు 90 మీటర్లు. రాత్రివేళ దీపాలు, కృత్రిమ మంచు యంత్రాలు ఉన్నాయి. బడి ముగిశాక పిల్లలు వచ్చి నేర్చుకోవడానికి అది అనుకూలం. అక్కడ నేర్చుకున్నవారు ఎత్తైన వాలులకోసం ఆర్కిటిక్ వ్యాలీకి రావచ్చు. మూడవది నగరానికి దక్షిణంగా సుమారు 40 మైళ్ళ దూరంలో గిర్డ్‌వుడ్‌లో ఉన్న అలియెస్కా విహారకేంద్రం. హోటలు, కేబులు ట్రాము, అంతర్జాతీయ స్థాయి వాలులు ఉన్న ఆ వ్యాపార సంస్థ 1980లో జపానుకు చెందిన సేబు సంస్థ చేతికి, 2006లో ఒక అమెరికన్ పెట్టుబడిదారుడి చేతికి, 2018లో కెనడాకు చెందిన పోమరాయ్ లాడ్జింగ్ చేతికి వెళ్ళింది. 1994 లిల్లెహామర్ ఒలింపిక్స్‌లో డౌన్‌హిల్ స్వర్ణం గెలిచిన టామీ మో యౌవనంలో శిక్షణ పొందింది అక్కడే.

ఈ మూడింటినీ పోటీదారులుగా చూడటం సరికాదు. మొదటిది బడి, రెండవది ఉమ్మడి పెరడు, మూడవది సంత. యాజమాన్యం చేతులు మారినా అలియెస్కా నడుస్తుంది. కొనేవాడు దొరికినంత కాలం దానికి కొనసాగింపు ఉంది. ఆర్కిటిక్ వ్యాలీని కొనేవాడు లేడు, అమ్మేవాడూ లేడు. దాని కొనసాగింపు కేవలం తరాల మార్పిడి మీద ఆధారపడింది.

8. ఇతర ప్రాంతాల అనుభవాలు

సామాజిక స్కీక్షేత్రం అలాస్కాకే పరిమితమైన ప్రత్యేకత కాదు. ఐడహో రాష్ట్ర రాజధాని బోయిసీ సమీపాన 1942 డిసెంబరులో ప్రారంభమైన బోగస్ బేసిన్ లాభాపేక్షలేని సంస్థలలో పెద్దది. 1998లో అది సీజన్ పాస్ ధరను ఒక్కసారిగా 199 డాలర్లకు తగ్గించింది. పాసుల సంఖ్య అనేకరెట్లు పెరిగి సంస్థ నిలదొక్కుకుంది. శీతాకాలానికి ముందే డబ్బు చేతికి రావడం వల్ల మంచు తక్కువైన ఏడాది నష్టం సంస్థమీద పడకుండా పాసులు కొన్నవారందరి మధ్యా పంచబడింది.

ఆరెగాన్‌లోని మౌంట్ ఆష్‌లాండ్‌ను 1992లో దాని యజమాని వదులుకోబోతే ప్రజలు విరాళాలు పోగుచేసి కాపాడుకున్నారు. నగరపాలక సంస్థ, స్థానిక సంఘం కలిసి దానికి కొత్త నిర్మాణం ఏర్పరచాయి. వెర్మాంట్‌లోని మ్యాడ్ రివర్ గ్లెన్ 1995లో స్కీయర్ల సహకార సంఘం చేతికి వచ్చింది. అమెరికాలో సహకార యాజమాన్యంలోకి వచ్చిన తొలి స్కీక్షేత్రం అదే. అదే రాష్ట్రంలో కాక్రన్ కుటుంబం 1961లో తమ ఇంటివెనుక కొండకు తాడులిఫ్టు కట్టి పొరుగుపిల్లలకు నేర్పింది. తరువాత ఆ వాలు లాభాపేక్షలేని సంస్థగా మారింది. ఆ కుటుంబంలోని బార్బరా ఆన్ కాక్రన్ 1972 సప్పొరో ఒలింపిక్స్‌లో స్లాలమ్ స్వర్ణం సాధించింది.

ఈ ఉదాహరణలలో నిర్మాణాలు వేరు, మూలసూత్రం ఒకటి. ఉమ్మడి వనరులపై ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో వెలువరించిన గ్రంథంలో దీర్ఘకాలం నిలిచే సంస్థలకు కొన్ని లక్షణాలు గుర్తించింది. సభ్యత్వపు హద్దులు స్పష్టంగా ఉండటం, ఇచ్చేదానికీ పొందేదానికీ పొంతన ఉండటం, నియమాలను వాటికి లోబడేవారే రూపొందించుకోవడం వాటిలో ముఖ్యమైనవి. ఆమెకు 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ పురస్కారం లభించింది. స్కీక్లబ్బులో గంటల లెక్క ఈ రెండవ లక్షణానికి చక్కని నిదర్శనం. ఎవరు ఎంత పనిచేశారన్నది బహిరంగంగా తెలిసినంత కాలం సహకారం నిలుస్తుంది. కొందరే ఎప్పుడూ పనిచేస్తున్నారన్న భావన కలిగితే సడలుతుంది.

9. మంచు అనిశ్చితి

సహజమంచు మీద ఆధారపడిన క్షేత్రానికి వాతావరణమే అంతిమ నిర్ణేత. యాంకరేజ్ నగరంలో నమోదైన హిమపాతంలోని హెచ్చుతగ్గులు ఈ విషయాన్ని స్పష్టం చేస్తాయి. 2011-12 శీతాకాలంలో 134.5 అంగుళాల మంచు కురిసింది. అది నగరచరిత్రలో అత్యధికం. మూడేళ్ళకే 2014-15లో 25.1 అంగుళాలతో అత్యల్పం నమోదైంది. 2016 మార్చిలో ఇడిటరాడ్ కుక్కబండ్ల పందెపు ప్రారంభోత్సవానికి యాంకరేజ్ వీధులలో మంచు చాలక ఫెయిర్‌బ్యాంక్స్‌నుంచి రైలులో తెప్పించారు. 2023-24లో మళ్ళీ 130 అంగుళాలు దాటింది. నగరంలోని కొలతను కొండకు యథాతథంగా అన్వయించలేకపోయినా అస్థిరత ఎంతటిదో దీనివల్ల తెలుస్తుంది.

మంచులేని ఏడాది సామాజిక సంస్థకు రెండు నష్టాలు తెస్తుంది. మొదటిది ఆదాయలోపం, ఇది కంటికి కనిపిస్తుంది. రెండవది అలవాటు తప్పడం. ఒక శీతాకాలం కొండ తెరుచుకోకపోతే సేవకుల వారాంతాలు వేరే పనులతో నిండిపోతాయి, గస్తీ శిక్షణ వెనుకబడుతుంది, పిల్లలు వేరే ఆటలవైపు మళ్ళుతారు. మౌంట్ ఆష్‌లాండ్ 2013-14లో మంచులేక సీజను మొత్తం తెరవలేకపోయింది. అయినా ఆ సంస్థ నిలిచి మరుసటి సంవత్సరాలలో కొనసాగింది. లాభం కోసం నడిచే చిన్న యజమాని ఆ నష్టానికి చేతులెత్తేసేవాడు. సంఘానికి మాత్రం తప్పుకునే దారి లేదు గనుక నిలిచే దారినే వెతుక్కుంది.

కృత్రిమ మంచు ఒక పరిష్కారంగా కనిపిస్తుంది. దానికి నీరు, విద్యుత్తు, గొట్టాలు, పెద్ద పెట్టుబడి కావాలి. వేసవి కార్యక్రమాలు మరొక మార్గం. 2017లో బోగస్ బేసిన్ కొండమీద పట్టాలబండిని ఏర్పాటుచేసి వేసవి ఆదాయాన్ని పెంచుకుంది. ఆర్కిటిక్ వ్యాలీ వేసవిలో రెండెవూ శిఖరానికి నడిచేవారికి, బ్లూబెర్రీ పళ్ళు ఏరుకునేవారికి ఆకర్షణ. కొండతో నగరవాసుల అనుబంధం మంచుకే పరిమితం కాకపోవడం సంస్థకు మేలుచేసే అంశం.

10. ముగింపు

1. ఆర్కిటిక్ వ్యాలీ వంటి సామాజిక స్కీక్షేత్రానికి కొండగాని, లిఫ్టుగాని, మంచుగాని ప్రధాన మూలధనం కాదు. సభ్యులు స్వచ్ఛందంగా వెచ్చించే నైపుణ్యంతో కూడిన గంటలే దానికి మూలధనం.

2. లాభాపేక్షలేని ప్రతిపత్తివల్ల కలిగే ముఖ్య ప్రయోజనం పన్ను మినహాయింపు కంటే, స్వచ్ఛంద శ్రమను స్వీకరించగలిగే చట్టబద్ధమైన అర్హత.

3. సొంతభూమి లేకపోవడం వ్యాపారదృష్టిలో లోపమైనా, సామాజిక సంస్థను స్థలవ్యాపారపు ఒత్తిడినుంచి కాపాడింది. అదే సమయంలో భూమిపై హక్కున్నవారి నిర్ణయాలకు దానిని లోబరిచింది.

4. బోగస్ బేసిన్ ముందస్తు పాసులతో, మౌంట్ ఆష్‌లాండ్ విరాళాలతో, మ్యాడ్ రివర్ గ్లెన్ వాటాలతో సాధించిన కొనసాగింపును యాంకరేజ్ స్కీ క్లబ్ ప్రధానంగా శ్రమతో సాధించింది.

5. డబ్బును నిలవచేయవచ్చు, అప్పు తెచ్చుకోవచ్చు. గంటలను అలా చేయలేం. అందువల్ల శ్రమే మూలధనమైన సంస్థలో కొత్తతరానికి పని నేర్పడం అదనపు కార్యక్రమం కాదు, ప్రధాన నిర్వహణ కర్తవ్యం.

6. మంచు తగ్గే సంవత్సరాలు పెరిగితే ఆదాయ నష్టంకంటే సేవకుల అలవాటు తెగిపోవడమే పెద్ద ప్రమాదం. వేసవి కార్యక్రమాలను ఆదాయమార్గంగానే గాక, మంచులేని కాలంలోనూ సభ్యులను ఒకచోట చేర్చే సాధనంగా చూడవలసి ఉంటుంది.

టికెట్ కొని వెళ్ళిపోయే వినియోగదారుడికీ, మరుసటి వారం లిఫ్టు దగ్గర నిలబడే సభ్యుడికీ మధ్య ఉన్న తేడామీదే ఈ సంస్థ మనుగడ ఆధారపడి ఉంది. మొదటివాడిని రెండవవాడిగా మార్చగలిగినంత కాలం షిప్ క్రీక్ ఎగువలోయలో టి-బార్ తిరుగుతూనే ఉంటుంది.